చంకలో బిడ్డ, చిన్న ఊరి విమానాశ్రయం: చిక్కు అసలెక్కడ?

పసిపిల్లలతో తొలిసారి విమానం ఎక్కబోయే తల్లిదండ్రులను కదిపి చూడండి. దాదాపు అందరిదీ ఒకటే బెంగ. పైకి లేచాక బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఎలా? చుట్టుపక్కల వాళ్ళు విసుక్కుంటే ఎలా? రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్‌కు విమానం గాలిలో ఉండేది గంటకు కాస్త అటూ ఇటూ. ఆ ఒక్క గంట కోసం నాలుగు రోజుల ముందు నుంచి దిగులు పడతారు. దానికి ముందూ వెనకా ఉండే ఐదారు గంటలను మాత్రం దేవుడి మీద వదిలేస్తారు. చిన్న నగరం నుంచి పిల్లలతో చేసే విమాన ప్రయాణంలో తిప్పలు పెట్టేది ఆ మిగతా సమయమే. ఇంకా సూటిగా చెప్పాలంటే, అతుకులు. ఇంటి నుంచి విమానాశ్రయానికి, టెర్మినల్ నుంచి విమానం మెట్లకు, ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారే ప్రతి చోటా పిల్లలు అలసిపోతారు, పెద్దల ఓపిక కరిగిపోతుంది, సామాను చేజారుతుంది.

ఉదాహరణకు మధురపూడినే తీసుకుందాం. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న ఊరది. నగరం నుంచి అరగంట, ముప్పావు గంట ప్రయాణం. కోనసీమ, కాకినాడ వైపు వాళ్ళకూ ఇదే దిక్కు. అమలాపురం నుంచి బయల్దేరే కుటుంబానికి మధురపూడి చేరడానికే రెండు గంటలు పడుతుంది. సంక్రాంతికి, వేసవి సెలవులకు ఇక్కడ దిగే వాళ్ళలో చంకలో ఒకరు, చెయ్యి పట్టుకుని ఒకరు పిల్లలున్న కుటుంబాలు ఎక్కువే. బెంగళూరు, హైదరాబాద్ ఉద్యోగాల వాళ్ళు కొందరైతే, అమెరికా నుంచో గల్ఫ్ నుంచో మనవలను తాతయ్య అమ్మమ్మలకు చూపించడానికి వచ్చేవాళ్ళు మరికొందరు. రన్‌వేను 3 కిలోమీటర్లు దాటేలా పొడిగించడంతో ఎయిర్‌బస్ విమానాలు కూడా దిగగలుగుతున్నాయి. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకు నేరుగా సర్వీసులు మొదలయ్యాయి. అయినా ఏళ్ళ తరబడి ఈ ఊరి విమానం అంటే ఏటీఆరే: రెండు ప్రొపెల్లర్లతో, డెబ్బై ఎనిమిది మందిని మోసే చిన్న విమానం.

కడపది, ఓర్వకల్లుది కూడా ఇదే తీరు. చిన్న నగరాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న తొలి సర్వీసులు మొదలైనప్పుడు వాటిలో కడప–హైదరాబాద్ కూడా ఉంది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు నుంచి 2021 మార్చిలో విమానాలు ఎగిరాయి. తెలంగాణ వాళ్ళకు ప్రస్తుతానికి ఈ గొడవ లేదు. వరంగల్ వాళ్ళైనా కరీంనగర్ వాళ్ళైనా రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరాల్సిందే. వాళ్ళ అతుకు కారులో ఉంటుంది.

చిన్నదైతే మంచిదే

ముందు ఒక అపోహ తీసేయాలి. చిన్న విమానాశ్రయం అంటే సౌకర్యాలు తక్కువ కాబట్టి పిల్లలతో కష్టమని అనుకుంటారు. నిజానికి రెండేళ్ళ బిడ్డకు సౌకర్యం అంటే దుకాణాలు, లాంజ్‌లు కావు. నడవాల్సిన దూరం తక్కువ ఉండటం, వరుసలు చిన్నవిగా ఉండటం, అమ్మానాన్నలు కంటికి ఎదురుగా ఉండటం. మధురపూడి లాంటి చోట కారు దిగిన దగ్గర నుంచి బోర్డింగ్ గేటు వరకు ఉన్న మొత్తం దూరం పెద్ద విమానాశ్రయాల్లో రెండు గేట్ల మధ్య దూరమంత ఉంటుంది. పిల్లవాడు పరుగెత్తినా ఎక్కడికి పోతాడు, నాలుగు గోడల మధ్యే తిరుగుతాడు. పాలు పట్టడానికి గది ఎక్కడుందని సిబ్బందిని అడిగితే బోర్డు చూపించి ఊరుకోరు, వెంట వచ్చి తలుపు తీసి చూపించేంత తీరిక ఉంటుంది.

లోటు వేరే చోట ఉంది. రోజుకు విమానాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒకటి తప్పిపోతే తర్వాతది రెండు గంటల్లో వస్తుందన్న భరోసా ఉండదు. తినుబండారాల దుకాణం ఒకటో రెండో ఉంటాయి, అక్కడ సమోసా దొరుకుతుంది గానీ పసిబిడ్డ తినేది దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. అందుకని ఉగ్గు, పాలపొడి, ఫ్లాస్కులో వేడినీళ్ళు, మెత్తటి ఇడ్లీ లాంటివి ఇంటి నుంచే రావాలి. గంట ప్రయాణానికి సరిపడా తెచ్చుకుంటే చాలదు, మూడు పూటలకు సరిపడా ఉండాలి. ఎందుకో పొగమంచు దగ్గర చెబుతాను.

దేశీయ ప్రయాణాల్లో చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా విమానం బయల్దేరడానికి గంట ముందు మూసేస్తారు. చిన్న చోటు కదా, తెలిసినవాళ్ళే కదా అని ఆఖరి నిమిషంలో వెళితే కుదరదు. నా లెక్క ప్రకారం పిల్లలున్నప్పుడు రెండు గంటల ముందు అక్కడుంటే సరిపోతుంది. నాలుగు గంటల ముందు వెళ్ళి కూర్చోవడం కూడా పొరపాటే. పిల్లల ఓపిక అంతా టెర్మినల్‌లోనే ఖర్చయిపోయి, విమానం ఎక్కే సమయానికి ఏడుపు మొదలవుతుంది.

వెనక తలుపు, ఇరుకు మెట్లు

ఏటీఆర్‌ను దగ్గర నుంచి చూడని వాళ్ళకు కొన్ని సంగతులు ముందే తెలియాలి. ఈ విమానంలో ప్రయాణికుల తలుపు వెనక, తోక దగ్గర ఉంటుంది. ముందు భాగంలో సామాను గది. తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. మెట్లు కొన్నే గానీ ఇరుకు. ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో సంచిని పట్టుకుంటే పక్కన ఉన్న కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. బిడ్డను ఎత్తుకున్నవారి రెండో చెయ్యి ఖాళీగా ఉండాలన్నది ఒక్కటే ఇక్కడ నియమం. గుడ్డ ఉయ్యాలలా ఒంటికి కట్టుకునే క్యారియర్ ఉంటే ఈ ఇరవై అడుగుల్లో దాని విలువ తెలుస్తుంది. మడత తోపుడు బండి విమానంలోకి రాదు. దాన్ని ఎక్కడ తీసుకుంటారు, దిగాక మెట్ల దగ్గర ఇస్తారా, సామాను బెల్టు మీద వస్తుందా అన్నది కౌంటర్ దగ్గరే అడగాలి. అడగకపోతే అవతల శంషాబాద్‌లో నిద్రపోతున్న బిడ్డను మోసుకుంటూ బెల్టు దాకా నడవాల్సి వస్తుంది.

ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి నేరుగా విమానం తలుపు దాకా ఉండే వంతెన, లేని చోట్ల బస్సులోనో నడిచో విమానం దగ్గరకు చేరాలి. నడిచేటప్పుడు పిల్లల చెయ్యి వదలకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ప్రొపెల్లర్లున్న విమానం దగ్గర మరీను. సిబ్బంది గీసిన దారి దాటి ఒక్క అడుగు కూడా వేయనివ్వరు, అది మన మంచికే.

ఇక వేడి. మే నెలలో గోదావరి జిల్లాల ఎండ ఎలా ఉంటుందో చెప్పాలా? విమానం ఎక్కగానే చల్లగా ఉంటుందనుకుంటాం, ఏటీఆర్‌లో తరచూ ఉక్కగా ఉంటుంది. ఏసీ పాడైందని కేకలు వేసేవాళ్ళను చూస్తుంటాం. కారణం వేరు. ఎయిర్‌బస్ లాంటి విమానాల తోకలో ఒక చిన్న సహాయక ఇంజిన్ ఉంటుంది, నేల మీద ఉన్నప్పుడు కరెంటు, ఏసీ దానితో నడుస్తాయి. బరువు, ఖర్చు తగ్గించడానికి ఏటీఆర్‌లో దాన్ని పెట్టలేదు. బదులుగా కుడివైపు ఇంజిన్‌ను నడుపుతూ దాని ప్రొపెల్లర్ తిరగకుండా బ్రేకు వేసి ఉంచే ఏర్పాటు చేశారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. అది అన్ని వేళలా నడవదు. నడవని సమయంలో, బయటి నుంచి చల్లగాలి గొట్టం తగిలించకపోతే, ఎండలో నిలబడ్డ ఆ రేకు గొట్టం లోపల ఏ మాత్రం చల్లదనం ఉంటుంది? ఇంజిన్లు రెండూ పుంజుకుని విమానం కదిలాక గానీ చల్లబడదు.

దీని నుంచి తేలేది ఏమిటంటే, పిల్లలున్న కుటుంబాలను ముందు ఎక్కమని పిలిస్తే వేసవిలో ఆ మర్యాదను సగమే స్వీకరించాలి. ఒకరు సంచులతో ముందు ఎక్కి పైన చోటు పట్టాలి. రెండోవారు బిడ్డతో చివర్లో ఎక్కాలి. ఏటీఆర్‌లో తలపైన సామాను అరలు చిన్నవి. ఎయిర్‌బస్‌లో సులువుగా పట్టే చక్రాల పెట్టె ఇక్కడ పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. డైపర్లు, మందులు, పాలసీసా ఆ పెట్టెలో ఉంటే గంటసేపు వాటికి దూరం. కాబట్టి బిడ్డ సామానంతా సీటు కింద పట్టే మెత్తటి సంచిలో ఉండాలి. బిడ్డకు పల్చటి నూలు చొక్కా ఒకటి, పైకి వెళ్ళాక కప్పడానికి తువ్వాలు ఒకటి.

సీట్ల సంగతి. అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనే పీడ లేదు. ప్రొపెల్లర్లకు దగ్గరగా ఉండే వరుసల్లో మోత ఎక్కువ, వెనక్కి వచ్చేకొద్దీ తగ్గుతుంది. తలుపు, టాయిలెట్ రెండూ వెనకే కాబట్టి చంటిబిడ్డ ఉంటే వెనక వరుసలే నయం. టాయిలెట్ మరీ ఇరుకు. డైపర్ మార్చే పని టెర్మినల్‌లోనే ముగించుకుని ఎక్కాలి. నాలుగేళ్ళు దాటిన పిల్లలుంటే మాత్రం మధ్య వరుసల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఏటీఆర్ రెక్కలు కిటికీల పైన ఉంటాయి, కింది దృశ్యానికి అడ్డు రావు. చక్రాలు పొట్ట పక్క నుంచి బయటికి రావడం, నేలను తాకడం అక్కడి నుంచి కనిపిస్తుంది. ఫోనులో కార్టూన్ల కంటే ఆ చక్రం ఎక్కువ సేపు ఆపుతుంది పిల్లలను. అదృష్టం ఉండి గోదావరి వైపు సీటు దొరికితే లంకలు, వంతెనలు కనిపిస్తాయి.

మోత గురించి ఒక మాట. పెద్దలకు చిరాకు తెప్పించే ఆ ఏకధాటి హోరుకు చంటిపిల్లలు చాలామంది నిద్రపోతారు. ఏడుపు భయం పెట్టుకున్నవాళ్ళకు ఈ విమానం చేసే మేలు అది. ఒకవేళ ఏడ్చినా ఆ హోరులో నాలుగు వరుసల అవతలికి పెద్దగా వినపడదు.

కుదుపుల సంగతి కూడా సమయాన్ని బట్టి ఉంటుంది. ఏటీఆర్ జెట్ విమానాలంత పైకి వెళ్ళదు, దాని పైపరిమితి 25,000 అడుగులు. మధ్యాహ్నం నేల కాగి వేడిగాలి పైకి లేచే పొరల్లోనే ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి వేసవి మధ్యాహ్నాల్లో ఊగిసలాట ఎక్కువ. ఉదయపు విమానం నున్నగా పోతుంది. వాంతి చేసుకునే అలవాటున్న పిల్లలుంటే ఉదయపు టికెట్టే తీసుకోవాలి.

చెవి నొప్పి: అసలు కారణం

విమానంలో పిల్లలు ఏడవడానికి నిజంగా శారీరక కారణం ఉంటే అది చాలావరకు చెవి. మధ్య చెవిని గొంతు వెనక భాగంతో కలిపే సన్నటి గొట్టాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. బయటి గాలి ఒత్తిడికీ చెవి లోపలి ఒత్తిడికీ పొత్తు కుదిర్చేది అదే. పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, సన్నగా, అడ్డంగా ఉంటుంది. అందుకే త్వరగా మూసుకుపోతుంది. విమానం పైకి లేచేటప్పుడు చెవి లోపలి గాలి దానంతటదే బయటికి పోతుంది, అంత ఇబ్బంది ఉండదు. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతూ ఉంటే గాలి లోపలికి వెళ్ళాలి, అప్పుడే నాళం తెరుచుకోక కర్ణభేరి లోపలికి లాగినట్టవుతుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు నాళం తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళం తెలియకుండానే గుటక వేస్తాం. నిద్రలో ఉన్న బిడ్డ అంతగా మింగదు.

ఇక్కడ ఎక్కువమంది సమయం తప్పుతారు. విమానం పైకి లేవగానే పాలు పట్టేస్తారు, కడుపు నిండి బిడ్డ నిద్రపోతుంది, దిగేటప్పుడు లేచి అరుస్తుంది, అప్పటికి పాలు అయిపోయి ఉంటాయి. పాలు దాచుకోవాల్సింది దిగే సమయానికి. గంట ప్రయాణంలో విమానం కిందికి వాలడం నేలను తాకడానికి దాదాపు ఇరవై నిమిషాల ముందే మొదలవుతుంది. సీటు బెల్టు ప్రకటన వచ్చేదాకా ఆగితే కొంత ఆలస్యమైనట్టే. ఇంజిన్ల హోరు కాస్త తగ్గి, ముక్కు కిందికి వంగిన భావన కలగగానే తల్లిపాలో సీసాపాలో, కాదంటే నోట్లో పాలపీకో పెట్టాలి. బిడ్డను మరీ వెల్లకిలా పడుకోబెట్టకుండా తల ఎత్తుగా పట్టుకోవాలి. పెద్ద పిల్లలకు స్ట్రాతో గుక్కగుక్కగా నీళ్ళు చాలు.

జలుబు, చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డను ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. నిద్రపోవడానికని జలుబు మందు సొంతంగా పట్టడం మాత్రం ఎవరు చెప్పినా వినకూడని సలహా. కొందరు పిల్లలకు ఆ మందులు నిద్రకు బదులు చిర్రెత్తిస్తాయి, మోతాదు తప్పితే ప్రమాదం కూడా.

రెండో పుట్టినరోజు ఎప్పుడు?

టికెట్ దగ్గర అన్నిటికంటే పెద్ద గీత రెండేళ్ళు. రెండు నిండని బిడ్డ సీటు లేకుండా పెద్దవారి ఒళ్ళో ప్రయాణిస్తుంది, విడిగా చిన్న రుసుము ఉంటుంది. ఒక పెద్దవారికి ఒకే ఒళ్ళో బిడ్డ. రెండు నిండితే సీటు తప్పనిసరి, ధర పెద్దవాళ్ళతో దాదాపు సమానం. లెక్క టికెట్ కొన్న రోజుది కాదు, ప్రయాణం చేసే రోజుది. వెళ్ళేటప్పుడు ఒళ్ళో కూర్చున్న బిడ్డకు ఊళ్ళో రెండో పుట్టినరోజు చేసి తిరిగి బయల్దేరితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. ఇది కౌంటర్ దగ్గర తెలిస్తే ఆ నిమిషానికున్న ధర చెల్లించాలి, విమానం నిండి ఉంటే అసలు సీటే ఉండదు. చిన్న ఊళ్ళో తర్వాతి విమానం రేపే కావచ్చు.

వయసు రుజువు విషయంలో కూడా చిన్న గందరగోళం ఉంది. తల్లిదండ్రుల దగ్గర గుర్తింపు కార్డు ఉంటే పసిబిడ్డకు విడిగా ఫొటో గుర్తింపు అక్కర్లేదన్నది భద్రతా నియమం. అది విని కొందరు ఉత్త చేతులతో వస్తారు. బిడ్డకు రెండేళ్ళు నిండలేదని విమాన సంస్థకు చూపించాల్సిన కాగితం మాత్రం వేరు. జనన ధ్రువపత్రం ఉత్తమం. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, పాస్‌పోర్టు కూడా సాధారణంగా చెల్లుతాయి. తొమ్మిది నెలల బిడ్డ విషయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏడాదిన్నర దాటి బొద్దుగా ఉన్న బిడ్డ దగ్గరే అనుమానం వస్తుంది.

ఒళ్ళో బిడ్డ కోసం విమానంలో ఒక చిన్న అదనపు బెల్టు ఇస్తారు. మన బెల్టులో దాన్ని దూర్చి బిడ్డ నడుముకు కట్టాలి. మన బెల్టు మనకు, బిడ్డ బెల్టు బిడ్డకు, రెండిటినీ కలిపి ఒక్కదానిలో బిగించకూడదు. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకు ఇది కొత్తగా ఉంటుంది, అక్కడి విమానాల్లో ఈ రకం బెల్టును అనుమతించరు. ఎయిర్‌బస్‌లో ఒక వరుసలో ఒకే వైపు ఇద్దరు చంటిబిడ్డలను కూర్చోనివ్వకపోవడానికి కారణం కూడా చాలామందికి తెలియదు. ముగ్గురు కూర్చునే వైపు సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులుంటాయి. ఐదో ప్రాణికి మాస్కు లేదు, అంతే.

సీటు ఎంపికకు డబ్బు కట్టకపోతే పిల్లలను వేరే చోట కూర్చోబెడతారేమోనన్న భయం ఒకటుంది. 2024 ఏప్రిల్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, దీనికి మందు వేసింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అదే టికెట్‌లో ఉన్న తల్లిదండ్రుల్లోనో సంరక్షకుల్లోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని సంస్థలను ఆదేశించింది. ‘ఒకరు’ అన్న మాట గమనించాలి. నలుగురూ ఒకే వరుసలో కూర్చోవాలంటే జేబులో చెయ్యి పెట్టాల్సిందే. ‘అదే టికెట్‌లో’ అన్నది కూడా గమనించాలి. తగ్గింపు దొరికిందని తల్లికి ఒక యాప్‌లో, పిల్లవాడికి ఇంకో యాప్‌లో టికెట్ తీసుకుంటే ఈ రక్షణ వర్తించదు.

అమ్మమ్మ సంచి

ఊరి నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు సంచి బరువు రెట్టింపవుతుంది, ఇది మన దగ్గర ప్రకృతి నియమం. ఆవకాయ, నెయ్యి, కొబ్బరి. మూడూ మూడు రకాల చిక్కులు. పచ్చళ్ళు, నెయ్యి చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో ఆపుతారు, కౌంటర్‌లో ఇచ్చే పెద్ద పెట్టెలో వేయాలి. కొబ్బరికాయ చేతి సంచిలో కుదరదు. ఎండు కొబ్బరి పెద్ద పెట్టెలో కూడా నిషేధం. నూనె శాతం ఎక్కువ కాబట్టి మండే గుణం ఉందన్నది కారణం. కోనసీమ నుంచి వచ్చే వాళ్ళకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి.

బిడ్డ విషయంలో నియమాలు ఉదారంగానే ఉన్నాయి. చేతి సంచి ఒకటి, 7 కిలోలన్న పరిమితికి అదనంగా ప్రయాణంలో బిడ్డకు కావలసిన ఆహారం, బిడ్డను మోసే బుట్ట తీసుకెళ్ళవచ్చు. అంతర్జాతీయ ప్రయాణాల్లో ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి బిడ్డ పాలకు, మందుకు మినహాయింపు ఉంది. సీసా తీసి చూపించమంటారు, రుచి చూడమని కూడా అనవచ్చు, కోపం తెచ్చుకోనక్కర్లేదు. బొమ్మ తుపాకీ మాత్రం ఎంత ముద్దుగా ఉన్నా ఇంట్లోనే ఉంచి రావాలి. తనిఖీ బల్ల దగ్గర దాన్ని లాక్కున్నాక మొదలయ్యే ఏడుపును ఏ విమానం హోరూ కప్పలేదు. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే, పెద్ద పెట్టెలో వేస్తే పెట్టె తెరిపిస్తారు.

శంషాబాద్‌లో మారడం

మధురపూడి నుంచి అమెరికాకు గానీ దుబాయ్‌కి గానీ వెళ్ళే కుటుంబానికి అసలు పరీక్ష ఇక్కడ. హైదరాబాద్‌లో విమానం మారాలి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్‌లో, ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరే దాంట్లో చోటు చూడాల్సిన బాధ్యత సంస్థలది. సామాను పరిమితి కూడా సాధారణంగా అంతర్జాతీయ లెక్కే. విడివిడిగా కొంటే రెండు వేల రూపాయలు మిగలవచ్చు. అప్పుడు దేశీయ విమానానికి మనిషికి 15 కిలోల లెక్క మొదలవుతుంది. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండేసి తెచ్చుకున్న కుటుంబం అదనపు బరువుకు కిలోల చొప్పున కట్టేసరికి మిగిలిన రెండు వేలకు పదింతలు పోతాయి. ఒళ్ళో బిడ్డకు చాలా దేశీయ టికెట్లలో సామాను వాటా ఉండదన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

బయటి దేశం నుంచి వస్తుంటే ఒకే టికెట్ ఉన్నా దిగిన తొలి భారతీయ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేసుకోవాలి. సాధారణంగా పెట్టెలు అక్కడే తీసుకుని దేశీయ విమానానికి మళ్ళీ అప్పగించాలి. పద్దెనిమిది, ఇరవై గంటలు ప్రయాణించిన పిల్లలతో ఈ పని. ఇందులో శంషాబాద్ ఢిల్లీ, ముంబైల కంటే మేలు. దేశీయ, అంతర్జాతీయ విమానాలు ఒకే భవనం నుంచి నడుస్తాయి. ఢిల్లీ, ముంబైలలో టెర్మినల్ మారాల్సి వస్తే రోడ్డు మీద కిలోమీటర్ల ప్రయాణం. మధురపూడికి ఢిల్లీ నుంచి నేరుగా విమానం ఉందని సంబరపడే ముందు, మీ అంతర్జాతీయ విమానం ఏ టెర్మినల్‌లో దిగుతుందో, రాజమహేంద్రవరం విమానం ఏ టెర్మినల్ నుంచి లేస్తుందో చూసుకోవాలి.

రెండు విమానాల మధ్య ఎంత వ్యవధి ఉండాలి? సంస్థలు అమ్మే కనీస వ్యవధి ఒంటరి మనిషికి సరిపోతుంది. ఇద్దరు పిల్లలుంటే నాలుగు గంటలకు తక్కువ పెట్టుకోను. అర్ధరాత్రి దిగే విమానమైతే అక్కడే గది తీసుకుని పొద్దున్నే ఊరి విమానం ఎక్కడం నాకు దుబారాగా అనిపించదు.

పొగమంచు లెక్క

డిసెంబరు, జనవరి ఉదయాల్లో కృష్ణా, గోదావరి డెల్టాల మీద పొగమంచు దట్టంగా కమ్ముతుంది. గన్నవరంలో, మధురపూడిలో ఉదయపు విమానాలు గాలిలో చక్కర్లు కొట్టడం, వెనక్కి మళ్ళడం ఆ నెలల్లో తరచూ పత్రికల్లో వచ్చే వార్తే. సరిగ్గా సంక్రాంతి రద్దీ కూడా అప్పుడే. ఉదయపు విమానం నున్నగా పోతుందని పైన చెప్పిన మాట కాబట్టి వేసవికి, వానలు తగ్గిన నెలలకు వర్తిస్తుంది. చలికాలంలో పిల్లలతో వెళ్ళేవాళ్ళు పది గంటల తర్వాత ఉన్న విమానం చూసుకోవడం మంచిది. మూడు పూటల తిండి తెచ్చుకోమన్నది అందుకే. హైదరాబాద్ నుంచి రావాల్సిన విమానం అక్కడే ఆగిపోతే, ఇక్కడ దానికి బదులు ఇంకో విమానం సిద్ధంగా ఉండదు. వచ్చిన విమానమే తిరిగి వెళుతుంది.

ఆలస్యమైతే ఏం అడగవచ్చు? ఇటువంటి చిన్న దూరాల విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే తిండీ పానీయాలు ఇవ్వాలన్నది డీజీసీఏ నియమం. ఆలస్యం ఆరు గంటలు దాటేలా ఉంటే వేరే విమానం గానీ పూర్తి డబ్బు వాపసు గానీ కోరుకోవచ్చు. తగిన సమయానికి చెప్పకుండా రద్దు చేస్తే గంట లోపు ప్రయాణానికి గరిష్ఠంగా 5,000 రూపాయల పరిహారం, రెండు గంటల లోపుకు 7,500. పొగమంచు, తుపాను లాంటివి సంస్థ చేతిలో లేని కారణాలు కాబట్టి వాటికి పరిహారం రాదు. తిండి అడిగే హక్కును మాత్రం మొహమాటం లేకుండా వాడుకోవాలి, పిల్లలకు పాలు, వేడినీళ్ళు కావాలని విడిగా చెప్పాలి. అడగనిదే వచ్చేది బిస్కెట్టు పొట్లమే.

ఎక్కకపోయినా ఫర్వాలేని సందర్భం

ఇంతా చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. వెళ్ళాల్సింది హైదరాబాద్ నగరంలోనే ఏ కూకట్‌పల్లికో అయితే విమానం అవసరమా? ఇంటి నుంచి మధురపూడికి గంట, అక్కడ రెండు గంటలు, గాలిలో గంట, సామానుకు అరగంట, శంషాబాద్ నుంచి ఇంటికి గంటన్నర. ఆరు గంటలు, నాలుగు అతుకులు. వందేభారత్‌కు రాజమహేంద్రవరం నుంచి సికింద్రాబాద్‌ చేరడానికి పట్టే సమయం అంతకంటే కాస్త ఎక్కువే గానీ, అతుకులు రెండే. రైల్లో ఐదేళ్ళ లోపు బిడ్డకు సీటు అడగకపోతే టికెట్ లేదు. విమానంలో రెండేళ్ళు నిండితే దాదాపు పూర్తి ధర. మూడేళ్ళ, ఆరేళ్ళ పిల్లలున్న కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పిల్లలు నిద్రలోనే ఊరు దాటుతారు, చెవి నొప్పి ఉండదు, ఆవకాయ జాడీని ఎవరూ ఆపరు.

ఢిల్లీకో, ముంబైకో, సముద్రం దాటో వెళ్ళేవాళ్ళకు ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు మధురపూడి నుంచి ఎగరడమే మేలు, టికెట్ కొంచెం ఎక్కువైనా సరే. రాత్రంతా కారులో శంషాబాద్‌కు వెళ్ళి, అక్కడ తెల్లవారుజామున వరుసలో నిలబడి, దూరపు విమానం ఎక్కే పిల్లలకు ఆ ప్రయాణం కారులోనే సగం అయిపోతుంది.